పర్‌ఫ్యూమ్‌లో పండ్ల వాసన గంటకే పోతోందా? తప్పు బాటిల్‌ది కాకపోవచ్చు

పండ్ల పర్‌ఫ్యూమ్ కొట్టుకుంటే మామిడి, పైనాపిల్ వాసన గంటకే మాయమై, పూల వాసన లీలగా మిగులుతోందని ఒకరు అడిగారు. నకిలీదేమో అని టెన్షన్ వద్దు. పండ్ల వాసననిచ్చే అణువులు తేలికైనవి, ముందు ఆవిరయ్యేవి అవే. పొడి చర్మం మీద ఇంకా త్వరగా.

1. స్నానమయ్యాక ఒంటి మీద కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. అది కూడా వాసన లేనిదే వాడాలి. కొబ్బరి లోషన్ మీద ఇలాంటి పర్‌ఫ్యూమ్ కొట్టి నేనే ఒకసారి తలనొప్పి తెచ్చుకున్నాను!
2. మాయిశ్చరైజర్ ఇంకాక పర్‌ఫ్యూమ్ మెడ మీద, మోచేతి మడతల్లో ఒక్కో స్ప్రే.
3. మణికట్ల మీద కొట్టుకున్నా, వాటిని ఒకదానికొకటి రుద్దుకోకండి.

అయినా వాసన తెలియకపోతే పక్కవాళ్లని అడగండి. మన ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.