మక్క కంకులు తిన్న గొర్రెలకు నూనె తాపొద్దు

ప్రశ్న: నాకు 60 గొర్రెల మంద ఉంది. నిన్న సాయంత్రం మక్క కోసిన చేనులోకి తోలితే, కింద రాలిన కంకులు బాగా తిన్నాయి. తెల్లారేసరికి ఐదు గొర్రెలు మేత ముట్టలేదు, కడుపు ఉబ్బింది, పుల్లటి వాసనతో పలచగా పారుతున్నాయి. ఒకటి చనిపోయింది. గాలి పట్టింది, నూనె తాపమంటున్నారు. తాపాలా?
– ఒక రైతు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది గాలి ఉబ్బరం కాదు. గింజలు ఎక్కువ తిన్నందువల్ల కడుపులో ఆమ్లం పెరిగింది. డాక్టర్లు దీన్ని అసిడోసిస్ అంటారు. పచ్చి అలసంద, పిల్లిపెసర లాంటివి మేసి నురగతో ఉబ్బితే నూనె పనిచేస్తుంది. ఇక్కడ దానితో లాభం లేదు.

తేడా మీరే చూడవచ్చు. ఎడమ డొక్క మీద వేళ్లతో కొట్టండి. డప్పులా మోగితే గాలి. పిడికిలితో నొక్కినప్పుడు మెత్తగా దిగబడి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే గింజల దెబ్బ. గాలి ఉబ్బరం మేసిన కాసేపటికే కనిపిస్తుంది. ఇది చాలాసార్లు మరునాటికి గానీ బయటపడదు. అందుకే ఈ రోజు బాగానే ఉన్న జీవాలను కూడా రేపటిదాకా కనిపెట్టుకుని ఉండండి.

లోపల జరిగేది ఇదీ. గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డికి, చొప్పకు అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువగా వచ్చిపడితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసేవి విపరీతంగా పెరుగుతాయి. మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండే పీహెచ్ (ఆమ్లం కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5 దాకా, ఇంకా కిందికి పడిపోతుంది. ఆ ఆమ్లం ఒంట్లోని నీటిని పొట్టలోకి లాగేస్తుంది. గొర్రె నెమరు ఆపుతుంది, కళ్లు లోపలికి పోతాయి, తాగినట్టు తూలుతుంది.

నిలబడి, మింగగలిగే గొర్రెలకు కిలో బరువుకు 1 గ్రాము లెక్కన, అంటే 25 కిలోల గొర్రెకు 25 గ్రాముల తినే సోడాను అర లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి మెల్లగా తాపండి. తల మరీ పైకెత్తొద్దు, దగ్గితే వెంటనే ఆపండి. పడుకుని లేవలేని వాటికి నోటి ద్వారా ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపు బాగైనా జీవం దక్కదు. వాటికి సెలైన్, బి1 విటమిన్ ఇంజెక్షన్ కావాలి. వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యుణ్ణి పిలిపించండి. ఇందులో ఆలస్యం చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండు మూడు రోజులు మందకు ఎండు గడ్డి, జొన్న చొప్ప మాత్రమే వేయండి. గింజలు, తవుడు బంద్ చేయండి. దాహంతో ఉన్నాయని ఒకేసారి తొట్టి ముందు వదలకండి, నీళ్లు కొద్దికొద్దిగా పెట్టండి. కోలుకున్నవి కూడా కొన్ని రోజుల తర్వాత కుంటవచ్చు, గిట్టలు చూస్తూ ఉండండి.

చనిపోయిన గొర్రెను డాక్టరుకు చూపించి, పోస్ట్‌మార్టం అయ్యాకే లోతుగా పాతిపెట్టండి. మాంసం ఎవరికీ ఇవ్వొద్దు. ఎందుకంటే గింజలు ఎక్కువ తిన్న మందలో చిటుక రోగం కూడా రావచ్చు. ఆ రోగం తెచ్చే క్రిమికి పేగుల్లోకి చేరిన పిండిపదార్థమే బలం. బలిసిన పిల్లలు ఉన్నట్టుండి పడి చనిపోతున్నాయంటే దాన్నే అనుమానించాలి. దానికి ఏటా తొలకరికి ముందే టీకా వేయించాలి. ఈసారి వేయించకపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మక్క చేలు మేపడం మానేయమని నేను అనను. ఎండాకాలం దాకా మందను ఈడ్చుకురావాలంటే ఆ మేత అవసరమే. కానీ ముందు కంకులు ఏరించండి, ఆకలి మీదున్న మందను నేరుగా తోలకండి. చొప్ప వేసి, మొదటి రోజు పావుగంట మేపి మళ్లించండి. రోజుకు కాస్త పెంచుతూ పోండి. గింజలకు పొట్ట పూర్తిగా అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది.