శేషాచలం అడవికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో పేరిత చెట్టు మీద పరిశోధనకు పర్మిషన్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చెట్లు ఎలా కొలవాలో, లెక్కలు ఎలా కట్టాలో మీ గైడు నేర్పుతారు, అందులో నేను వేలు పెట్టను. అడవిలో చూసిన సంగతి ఎవరికి ఎంతవరకు చెప్పాలన్నదే నా బాధ. కొత్తగా వచ్చే పిల్లలు పాములని, ఎలుగులని టెన్షన్ పడతారు. అసలు చిక్కంతా నోటి దగ్గరే వస్తుంది.

నీ పేరితనే తీసుకో. ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగదు. దూరం నుంచి పొట్టి ఈతచెట్టే అనుకుంటాం. దగ్గరికి వెళ్లి ఒక రెమ్మ తిప్పి చూస్తే సన్నటి ఆకుల అంచులు వెనక్కి మడుచుకుని ఉంటాయి. మంటలకు మాడి మొద్దు బొగ్గులా నల్లబడినా తల మీద మళ్లీ లేతాకు వేస్తుంది. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు కంకిని నాటుమందుల కోసం కోసుకుపోతారు. చెట్టు నిలబడే ఉంటుంది కాబట్టి దొంగతనం జరిగినట్టే తెలియదు. పుప్పొడి లేక ఆడచెట్టుకు గింజ పట్టకపోతే అప్పుడు తెలుస్తుంది. దేశాల మధ్య వ్యాపారం చేయకూడదని సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలోనే దీన్ని పెట్టారు. అడవిలో కత్తి పట్టుకుని తిరిగేవాడు ఆ జాబితా చదివాడా?

అందుకే కంకి వేసిన చెట్టును ఫోటో తీసే ముందు ఫోన్లో లొకేషన్ ఆపెయ్. వెనకాల కొండ కొస పడినా ఆ పక్క ఊళ్లవాళ్లు చోటు ఇట్టే పట్టేస్తారు. స్టేటస్‌లో పెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే ఆకు ఒక్కటే దగ్గరగా తీసి పెట్టుకో.

అలాగని అన్నీ కడుపులో దాచుకోమని కాదు. కలివికోడి అనే పిట్ట కథ నీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లే కానీ, రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నది పిట్టలు పట్టే ఐతన్న. తర్వాత 2005లో తెలుగుగంగ కాలవ తవ్వే యంత్రాలు ఆ పిట్ట తిరిగే పొదల్లోకే వచ్చేశాయి. అది ఎక్కడెక్కడ తిరుగుతుందో పరిశోధకులు అప్పటికే మ్యాపు గీసి పెట్టుకున్నారు. దాన్ని చూపించి పోరాడబట్టే కాలవ దారి మళ్లింది. ఆ మ్యాపు ఎవరి బీరువాలోనో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. నువ్వు కూడా ప్రతి చెట్టు చోటూ తేదీతో సహా రాసిపెట్టి, బీట్ ఆఫీసరుకూ రేంజరుకూ ఎప్పటికప్పుడు ఇస్తూ ఉండు. థీసిస్ అయ్యాక ఇద్దాంలే అనుకుంటే అప్పటికి చెట్టే ఉండకపోవచ్చు.

బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లను సామాన్లు మోసే మనుషుల్లా చూడకు. ఏ వాగులో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో, ఏ చెట్టు ఎప్పుడు కంకి వేస్తుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. యానాది పెద్దలు తోడు వస్తే మరీ మంచిది. వాళ్లు చెప్పింది రాసుకున్నప్పుడు ఎవరు చెప్పారో కూడా పక్కనే రాయి. థీసిస్‌లో పేరు వేయనా అని ముందుగా అడుగు. కొందరు వద్దంటారు, దానికీ కారణం ఉంటుంది. ఎర్రచందనం కొట్టే ముఠాలు తిరిగే అడవి అది, నీకు చెప్పినవాళ్ల ఇళ్లు ఆ అంచునే ఉంటాయి. దుంగలు మోసుకెళ్లే కూలీలు నీకే ఎదురుపడితే ఫోన్ బయటికి తీయకు, ధైర్యం చూపించకు. పక్కకు తప్పుకుని క్యాంపుకొచ్చి చెప్పు. పట్టుకోవడం నీ పని కాదు.

యాత్రికులతో మాట్లాడటం మాత్రం నీ పనే, సిగ్గుపడకు. తలకోనకు వచ్చేవాళ్లకు జలపాతం ఒక్కటే తెలుసు. గిల్లతీగ చూపించు, బంగారు బల్లి కనిపిస్తే చూపించు. అన్నీ బంగారు రంగులో ఉండవని, జతకట్టే కాలంలో మగదానికే ఆ మెరుపని చెప్తే పిల్లలు నోరు తెరుస్తారు. అది రాతికి గుడ్లు అతికించిన సందు మాత్రం చూపించకు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకుంది. చిరుతంటే జనం హడలిపోతారు గానీ మిగిలిన తిండి దారి పక్కన పారేయడం మానరు. ఆ తిండికి కుక్కలూ పందులూ వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఈ మాట కోప్పడకుండా చెప్పడం అలవాటు చేసుకో.

ఇంకొకటి. ఎండలు ముదిరాక నీతో తిరగడానికి మనిషిని ఇవ్వమని వాచర్లను అడగకు. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. ఆ నెలల్లో వాచర్లు ఫైర్ లైన్ల మీదే, అంటే మంట పాకకుండా ఆకూ అలమూ తీసేసిన దారుల మీదే ఉంటారు. నీ పేరిత ముదురు మొద్దు మంటను తట్టుకుంటుంది గానీ మొలక తట్టుకోదు. కాబట్టి నువ్వే వాళ్లతో ఒక పూట పోయి ఎండుటాకులు ఊడ్చిరా.

క్యాంపుకు బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి అక్కడ ఏం అయిపోయాయో కనుక్కో. టార్చి బ్యాటరీలు, ఎర్రగడ్డలు ఎప్పుడూ తక్కువే పడుతుంటాయి, అవి తిరుపతిలోనే కొనిపెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య