ఇంకో డిగ్రీలో చేరే ముందు

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "డిగ్రీ అయ్యి పద్నాలుగు నెలలైంది పెద్దమ్మా, ఎనభై చోట్ల అప్లై చేశాను, మూడు చోట్ల పిలిచారు, ఒక్కటీ రాలేదు, అందుకని పీజీలో చేరిపోదామనుకుంటున్నాను" అని రాశావు. ఆ "అందుకని" దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం రాకపోవడం ఒక సంగతి, పీజీ చదవడం వేరే సంగతి. ఆ రెంటి మధ్యకి "అందుకని" ఎలా వచ్చి కూర్చుంటుందో నాకు బాగా తెలుసు. నేనూ అలా చేరినదాన్నే.

డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. "ఏం చేస్తున్నావమ్మా" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. "పీజీ చేస్తున్నా" అంటే ఇంకో ప్రశ్న ఉండదు. అలా రెండేళ్లు గడిచిపోయాయి. ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒకాయన నా సర్టిఫికెట్లు తిరగేస్తూ, "ఈ సబ్జెక్టే ఎందుకు తీసుకున్నారు?" అని చాలా మర్యాదగా అడిగాడు. సీటు అందులోనే దొరికిందని చెప్పలేను కదా. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

తర్వాత ఇరవై ఏళ్లు నేను బల్లకి అవతల కూర్చుని ఉద్యోగాలిచ్చాను. ఆ వైపు సంగతి నీకు చెప్పాలి, కొంచెం సిగ్గుగానే ఉంది. లెక్కలు రాసే చిన్న పోస్టుకి అప్లికేషన్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. అన్నీ చదవడం అయ్యే పని కాదు. "పీజీ ఉన్నవాళ్లని పక్కకి తీయండి, మిగతావి తర్వాత చూద్దాం" అనేదాన్ని. ఆ "తర్వాత" అనేది ఎప్పుడూ రాలేదు. ఆ పనికి పీజీ అవసరమా అంటే, లేదు. జాగ్రత్తగా కూడికలు వేసేవాళ్లెవరైనా చేయగలరు. కట్ట చిన్నదవడానికి నాకు దొరికిన కత్తెర అది, అంతే.

దీన్నే మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో సిద్ధాంతంగా రాశాడు. మనిషిలో ఎంత పనితనం ఉందో ఉద్యోగమిచ్చేవాడికి ముందుగా తెలియదు, అందుకని డిగ్రీని ఒక గుర్తుగా చూస్తాడు అని. 2001లో ఆయనకి వచ్చిన నోబెల్‌లో ఈ పనికీ వాటా ఉంది. చదువు మనిషి సామర్థ్యాన్నే పెంచుతుందని, దానికోసం వదులుకున్న జీతం కూడా పెట్టుబడేనని గ్యారీ బెకర్ అనే ఇంకో ఆర్థికవేత్త 1964లో అన్నాడు. ఎవరిది నిజమని నన్నడిగితే ఇద్దరిదీ. డాక్టరు చదువులో బెకర్ చెప్పినదాని వాటా ఎక్కువ. నేను కట్టలోంచి ఏరిన పీజీల్లో స్పెన్స్ చెప్పినదాని వాటాయే ఎక్కువ.

గుర్తుతో వచ్చే చిక్కు ఏమిటంటే, అందరి దగ్గరా ఉంటే అది గుర్తు కాకుండా పోతుంది. జనంలో ఒకడు మునివేళ్ల మీద లేచి చూస్తే వాడికి బాగా కనిపిస్తుంది. అందరూ లేస్తే ఎవరికీ అదనంగా ఏమీ కనిపించదు, కాళ్లు మాత్రం నొప్పి పుడతాయి. ఈ పోలిక ఫ్రెడ్ హిర్ష్ అనే ఆయనది, 1976 నాటిది. చైనాలో ఇది ఈమధ్యే కళ్ల ముందు జరిగింది. 2023లో అక్కడ కోటీ 15 లక్షలకు పైగా మంది పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. ఆ జూన్‌లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 21.3 శాతమని తేలింది, ఆ తర్వాత కొన్ని నెలలు ఆ లెక్కలు బయటపెట్టడమే మానేశారు. ఉద్యోగాల్లేక పిల్లలు పీజీ వైపు పరిగెత్తారు. 2023 ప్రవేశ పరీక్షకి 47.4 లక్షల మంది పేరు నమోదు చేసుకున్నారు. 2025 వచ్చేసరికి ఆ సంఖ్య 38.8 లక్షలకు దిగింది. పీజీ చేసి వచ్చిన అన్నలూ అక్కలూ అదే లైన్లో నిలబడి ఉండటం కూడా దానికొక కారణమని నా అనుమానం.

అలాగని చదువు దండగ అనే జట్టులో నన్ను చేర్చకు. 139 దేశాల లెక్కలు కలిపి చూసి, ఒక్కో ఏడాది అదనపు చదువుకి సంపాదన సగటున 9 శాతం పెరుగుతోందని 2018లో సకారోపౌలోస్, పాట్రినోస్ అనే ఇద్దరు తేల్చారు. తక్కువేమీ కాదు. కానీ అది సగటు. అందులో బడి చదువూ ఉంది, వైద్యమూ ఉంది, నాలాగా సీటు దొరికింది కదా అని చేరినవాళ్లూ ఉన్నారు. నువ్వు చేరబోయే కోర్సు ఆ సగటుకి పైన ఉందా కింద ఉందా అన్నదే నీ ప్రశ్న.

అది తేల్చుకోవడానికి ఒక పని చెప్తాను, రెండు మూడు రోజులు పడుతుంది. నీకు నిజంగా కావాలనిపించే ఉద్యోగాల ప్రకటనలు ఇరవై వెతికి పక్కన పెట్టుకో. వచ్చేవి కాదు, కావాల్సినవి. ఒక్కొక్కటీ చదివి, నువ్వు చేయబోయే పీజీ తప్పనిసరి అన్నవి ఎన్నో లెక్కపెట్టు. "ఉంటే మంచిది" అన్నవి వేరే గీత కింద రాసుకో, రెండూ ఒకటి కాదు. పదిహేనింటిలో తప్పనిసరి అని ఉంటే ఇంకేం ఆలోచించకు, చేరు. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా, చట్టమే ఫలానా పట్టా అడిగే వృత్తిలోకి వెళ్లాలన్నా దగ్గరదారి లేదు. మూడు నాలుగింటిలోనే ఉంటే మాత్రం, మిగతా ప్రకటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే మాటలేవో చూడు. ఒక సాఫ్ట్‌వేర్ పేరో, రెండో భాషో, ఏడాది అనుభవమో అయి ఉంటుంది. నీకు అడ్డం పడుతున్నది అదన్నమాట. దానికి రెండేళ్లు అక్కర్లేదు.

ఇక కాలేజీ బ్రోచర్ సంగతి. నువ్వు పంపినదాంట్లో "95 శాతం ప్లేస్‌మెంట్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఎంతమందిలో 95? చేరినవాళ్లందరిలోనా, ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చి అర్హులైనవాళ్లలోనా? ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క అడుగు. సగటు జీతం చూసి కూడా మోసపోకు. తొమ్మిది మందికి పదేసి వచ్చి ఒక్కడికి 110 వస్తే సగటు 20 అవుతుంది, ఆ 20 తీసుకున్నవాడు ఒక్కడూ ఉండడు. అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చిందో అడుగు. చెప్పకపోతే అదే జవాబనుకో. రెండేళ్ల క్రితం అక్కడ చదివి బయటికొచ్చిన ముగ్గురిని పట్టుకో, ఫొటోల్లో కనిపించే ర్యాంకర్లని కాదు, మామూలు మార్కులవాళ్లని. ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కో.

ఖర్చు లెక్కలో ఫీజు ఒక్కటే రాశావు. ఆ రెండేళ్లూ ఎంత చిన్న ఉద్యోగం చేసినా వచ్చే జీతం కూడా రాయి. అప్పు తీసుకుంటే వడ్డీ రాయి. కాగితం మీద ఆ మూడూ కలిపి చూస్తే నిర్ణయం మారుతుందని కాదు, కనీసం ఏం కొంటున్నావో తెలుస్తుంది.

డిగ్రీ అయ్యిందని మొదట రాసి, ఉత్తరం చివర్లో ఎవరికీ కనపడకుండా ఒక వాక్యం పెట్టావు, అందులో ఒక పేపర్ మిగిలిపోయిందని. అమ్మా, ముందు అది రాయి! చివరి ఏడాది దగ్గర ఆగిపోయినవాడికీ పట్టా చేతికొచ్చినవాడికీ చదువులో తేడా కొంచెమే, జీతాల్లో తేడా మాత్రం ఆ కొంచెం కంటే ఎక్కువ అని ఆర్థికవేత్తలు ఎప్పుడో గమనించారు. నా కత్తెర గుర్తుందిగా. సగం డిగ్రీ ఆ కట్టలోకి కూడా రాదు.

"చిన్న ఉద్యోగంలో చేరితే జీవితమంతా అక్కడే ఉండిపోతానేమో" అన్న భయం గురించి. అది ఉట్టి భయం కాదు. జపాన్‌లో 1990ల్లో ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నాక కాలేజీల నుంచి వచ్చినవాళ్లని "ఉద్యోగాల మంచుయుగం" తరం అంటారు. అక్కడ పెద్ద కంపెనీలు అప్పుడే చదువు పూర్తయినవాళ్లని ఏటా ఒకసారి తీసుకునేవి. ఆ ఏడాది తప్పితే మళ్లీ దూరడం కష్టం. చాలామంది తాత్కాలిక పనుల్లోనే నడివయసుకి చేరారు. కానీ కెనడా లెక్క వేరుగా ఉంది. మాంద్యంలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి మొదట్లో జీతం దాదాపు 9 శాతం తక్కువగా ఉందనీ, అయిదేళ్లకి ఆ తేడా సగమై పదేళ్లకి దాదాపు మాసిపోయిందనీ 2012లో ఒక పరిశోధన వచ్చింది. ఎలా పూడిందో చూడు: వాళ్లు మెల్లగా మెరుగైన కంపెనీలకి మారుతూ వెళ్లారు. కాబట్టి చిన్న ఉద్యోగమైతే చేరు, కానీ అక్కడ ఏ పని నేర్చుకుంటే తర్వాతి మెట్టు ఎక్కగలవో చేరే ముందే అడిగి చేరు. ఏమీ నేర్పని చోటైతే ఏడాది దాటి ఉండకు.

ఎనభై అప్లికేషన్లు ఎక్కడికి పంపావో చూశాను, అన్నీ వెబ్‌సైట్లే. ఒక్క మనిషిని కూడా అడగలేదు. మొహమాటం అనుకుంటా, మన ఇంట్లో అందరికీ ఉంది. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆ తెలిసినవాళ్లని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్ల వల్ల దొరికింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల వల్లే సగానికి పైగా. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, దూరపువాళ్లకే కొత్త కబుర్లు తెలుస్తాయి. నా మొదటి ఉద్యోగం సంగతి చెప్పాడు ఒక సహాధ్యాయి అన్నయ్య. ఆయన్ని అంతకుముందు రెండుసార్లే చూశాను. "ఉద్యోగం ఇప్పించండి" అని అడగకు, ఎవరైనా బిగుసుకుపోతారు. "మీ పని ఎలా ఉంటుంది, ఇందులోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి, పదిహేను నిమిషాలు మాట్లాడతారా" అని అడుగు. వారానికి ఇద్దరిని చాలు.

ఆ సబ్జెక్టంటే ప్రాణం కాబట్టి చదవాలనుంది, ఉద్యోగం వచ్చినా రాకపోయినా సరే అంటావా, అప్పుడు పైన రాసినదంతా పక్కన పెట్టెయ్యి. అదీ చదవడానికి తగిన కారణమే. కానీ నీ ఉత్తరం నాలుగు పేజీల్లో ఆ సబ్జెక్టు గురించి ఒక్క ముక్క లేదు, అందుకే అడుగుతున్నాను.

ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను. ఆ ఇరవై ప్రకటనలు దగ్గర పెట్టుకో, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం. మిగిలిపోయిన పేపర్‌కి ఫీజు కట్టే ఆఖరి తేదీ ఎప్పుడో రేపే కనుక్కుని మెసేజ్ పెట్టు.

పెద్దమ్మ