మెడికల్ స్కూల్ సెకండరీలు వచ్చి పడ్డాయి, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అక్కా, మా ఆవిడ అన్నయ్య వేసిన పిటిషన్ మీద గ్రీన్‌కార్డులు వచ్చి, గుంటూరు నుంచి ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో దిగాం. అక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, ఇక్కడ గోడౌన్‌లో షిఫ్టు పని. మా అమ్మాయి అక్కడ ఇంటర్ బైపీసీ చదివి, ఇక్కడ డిగ్రీలో చేరింది. ఇక్కడి మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్‌లో మంచి స్కోరే వచ్చింది. జూన్‌లో మెడికల్ కాలేజీలకు అప్లికేషన్ పంపాం. ఇప్పుడు సెకండరీ అంటూ రోజూ ఓ కాలేజీ నుంచి మెయిల్ వస్తోంది. ఒక్కోదానికి వంద డాలర్ల ఫీజు, నాలుగైదు వ్యాసాలు. మార్కులు, స్కోరు అన్నీ పంపాక మళ్ళీ ఇవెందుకు? పిల్ల రాత్రింబవళ్ళు కూర్చుని టెన్షన్ పడుతోంది. డబ్బిస్తే రాసిపెట్టేవాళ్ళున్నారని తెలిసినవాళ్ళు చెప్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, రాసిపెట్టేవాళ్ళ నంబరు ఎవరైనా ఇచ్చివుంటే ముందు దాన్ని చెరిపేయండి. మీ అమ్మాయి సొంతంగా రాయగలదు, రాయాల్సిందీ తనే. మీరూ మీ ఆవిడా చేయాల్సిన పని వేరే ఉంది. అదీ చిన్నదేం కాదు.

మన రోజుల్లో ఎంసెట్, ఇప్పుడు నీట్. ర్యాంకు వస్తే కౌన్సెలింగ్, కౌన్సెలింగ్‌లో సీటు. పిల్ల ఎలాంటిది, డాక్టరు ఎందుకు కావాలనుకుంటోంది అని అక్కడ ఎవరూ అడగరు. ఇక్కడ ఎండీ (అక్కడి ఎంబీబీఎస్ లాంటిది) కాలేజీలకు ఏటా 50 వేలమందికి పైగా అప్లై చేస్తే, చేరేది 23 వేల చిల్లర మంది. ఒకే స్కోరు, డిగ్రీలో ఒకే జీపీఏ (మార్కుల సగటు) ఉన్న పిల్లలు ఒక్కో కాలేజీకి వందలమంది వస్తారు. వాళ్ళలో ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చుకోవడానికే ఈ సెకండరీ. జూన్‌లో మీరు పంపింది అన్ని కాలేజీలకూ ఉమ్మడి అప్లికేషన్, దాన్నే ప్రైమరీ అంటారు. అందులో 5,300 క్యారెక్టర్ల పెద్ద వ్యాసం ఒకటి, చేసిన పనుల వివరాలు 15 దాకా ఉంటాయి. 'డాక్టరు ఎందుకు' అన్నదానికి జవాబు అక్కడే అయిపోయింది. సెకండరీలో ప్రతి కాలేజీ తన ప్రశ్నలు తను వేస్తుంది. నువ్వు మా దగ్గరికే ఎందుకు రావాలి, మా క్లాసుకి నీవల్ల ఏం వస్తుంది, కష్టం వచ్చినప్పుడు ఏం చేశావు అని.

సెకండరీ వచ్చిందంటే కాలేజీవాళ్ళకి పిల్ల నచ్చిందని అర్థం కాదు. కొన్ని కాలేజీలు వడపోసి పంపుతాయి గానీ, చాలా కాలేజీలు అప్లై చేసినవాళ్ళందరికీ పంపేస్తాయి. గుంటూరులో అప్పుడే చుట్టాలకు ఫోన్లు చేయకండి.

మెయిల్ వచ్చిన రెండు వారాల్లోపు తిరిగి పంపడం ఇక్కడి ఆనవాయితీ. కాలేజీ పెట్టే గడువు ఇంకా దూరంగా ఉండొచ్చు, కానీ ఇంటర్వ్యూలకు పిలవడం, సీట్లు ఇవ్వడం చాలాచోట్ల విడతలవారీగా సాగుతాయి. ఆలస్యంగా చేరిన ఫైలు చూసేసరికి ఇంటర్వ్యూ తేదీలు చాలావరకు నిండిపోయి ఉంటాయి. అలాగని ఒక రాత్రిలో నాలుగు పూర్తిచేయమని పిల్లమీద కూర్చోకండి. ప్రశ్నలు ఏటేటా పెద్దగా మారవు. గత ఏడాదివి వెతికితే దొరుకుతాయి. ఇంకా మెయిల్ రాని కాలేజీలకు వాటిని చూసి ఇప్పుడే చిత్తుప్రతి రాసుకుంటే, మెయిల్ వచ్చాక సరిచూసుకుని పంపడమే.

ఏవి ముందు రాయాలంటే, మీ రాష్ట్రం కాలేజీలు. ఒహాయో స్టేట్, సిన్సినాటీ, టొలీడో, రైట్ స్టేట్, నార్త్‌ఈస్ట్ ఒహాయో: ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలవి. మీ అమ్మాయి అక్కడ నివాసి కాబట్టి వాటిలో తనకి అవకాశం బయటివాళ్ళకంటే మెరుగు, ఫీజూ తక్కువ. మనవాళ్ళు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ సెకండరీల మీద నెల గడిపి, సొంత రాష్ట్రం కాలేజీవి చివర్లో హడావిడిగా నింపుతుంటారు. ఆ వరస తలకిందులు కావాలి.

ఇక 'మా కాలేజీయే ఎందుకు' అనే వ్యాసం. ఇందులో పిల్లలు కాలేజీని పొగుడుతారు. పోలియో చుక్కల మందు తయారుచేసిన ఆల్బర్ట్ సేబిన్ పనిచేసింది సిన్సినాటీలో. సిన్సినాటీ వ్యాసాల్లో ఆయన పేరు రాసే పిల్లలకు కొదవుండదు. ఆయన అక్కడ పనిచేశాడని ఆ కాలేజీవాళ్ళకి మనం చెప్పాలా? ఆ వాక్యంలో మీ అమ్మాయి ఎక్కడుంది? తను ఇప్పటిదాకా చేసిన పనిని ఆ కాలేజీలో ఎక్కడ, ఎవరితో కొనసాగిస్తుందో రాయాలి. వృద్ధాశ్రమంలో వాలంటీరుగా చేసివుంటే, ఆ కాలేజీలో వృద్ధుల వైద్యం ఏ సంవత్సరంలో నేర్పుతారు, విద్యార్థులు నడిపే ఉచిత క్లినిక్ ఉందా, దానికి ఎవరు వస్తారు అని వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతికి చదవాలి. కాలేజీ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా వ్యాసం అలాగే నిలబడితే అది పంపడానికి పనికిరాదు. ఒక కాలేజీకి రాసింది ఇంకో కాలేజీకి వాడేటప్పుడు పాత పేరు అలాగే మిగిలిపోవడం కూడా తరచూ జరిగేదే. పంపేముందు ఒకసారి గట్టిగా పైకి చదవమనండి. ఈ పని మీరు కూర్చుని వినొచ్చు.

నీవల్ల మా క్లాసుకి ఏం వస్తుంది అనే ప్రశ్న దగ్గర మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. 2023లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చాక చాలా కాలేజీలు ఈ ప్రశ్న మాటలు మార్చి, నీ అనుభవం చెప్పు అని అడుగుతున్నాయి. మా న్యూజెర్సీలో తెలుగు పిల్లల చిత్తుప్రతులు చాలాకాలంగా చదువుతున్నాను. ప్రతి ఏడాదీ అవే దీపావళి దీపాలు, అవే కూచిపూడి గజ్జెలు, అవే అమ్మమ్మ చెప్పిన విలువలు. అబద్ధమేం కాదు, కానీ పదిమంది రాసినా ఒక్కటే.

ఒక అబ్బాయి అలాంటిదే తెచ్చాడు. అవన్నీ పక్కనపెట్టి, ఇంట్లో నువ్వు చేసే పనులేంటి నాన్నా అని అడిగాను. ఏముంది ఆంటీ, అమ్మమ్మ మందులు చూస్తాను అన్నాడు. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ ఆరు నెలలకు సరిపడా మాత్రలు సంచీలో తెచ్చుకుంది. మోకాళ్ళ నొప్పికి డోలో 650 వేసుకుంటోంది. గుడిలో ఎవరో టైలెనాల్ మంచిదన్నారని అది కూడా మొదలుపెట్టింది. వీడు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ ఒకే మందు. మనం పారాసిటమాల్ అనేదాన్ని వీళ్ళు ఎసిటమినోఫెన్ అంటారు. రెట్టింపు మోతాదు లివర్‌కి మంచిది కాదు. ఆ రోజు సంచీ మొత్తం బల్లమీద గుమ్మరించి, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్ అని ఒక్కొక్కటీ వెతికి, అసలు పేరు, మోతాదు, వేసుకునే వేళ టైపు చేసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఇంకో కాపీ అమ్మమ్మ పర్సులో పెట్టాడు. జ్వరమొచ్చి అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు ఆ కాగితమే చూసి మందు రాశాడు. తర్వాత ఆ అపార్టుమెంట్లలోకి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళందరికీ వీడే రాసిచ్చాడు. ఇది కూడా వ్యాసంలో రాయొచ్చా అని అడిగాడు వాడు! అదే రాయమన్నాను. ఇంటర్వ్యూలో అతన్ని దాని గురించే ఎక్కువసేపు అడిగారట.

మీ అమ్మాయి దగ్గరా ఇలాంటివి ఉంటాయి. తనకి అవి గొప్పగా అనిపించవు కాబట్టి బయటికి రావు. మీరు చేయాల్సిన మొదటి పని అదే. భోజనాల దగ్గర కూర్చోబెట్టి, ఈ దేశం వచ్చాక నువ్వు చేసిన పనుల్లో మాకు గుర్తున్నవి ఇవీ అని మీరిద్దరూ చెప్పండి. బీమా కంపెనీతో ఫోన్‌లో మాట్లాడింది ఎవరు? తమ్ముడో చెల్లో ఉంటే స్కూల్లో మీటింగుకి వెళ్ళింది ఎవరు? తను మర్చిపోయినవి మీకు గుర్తుంటాయి.

రెండో పని మీకు కొంచెం కష్టం. ఎదురైన కష్టం గురించి అడిగే వ్యాసానికి మీ అమ్మాయి దగ్గర మంచి విషయం ఉంది. అది మీ ఇంట్లోనే ఉంది. లెక్కల లెక్చరరు గోడౌన్‌లో పెట్టెలు ఎత్తడం, ఆ ఇంట్లో పిల్ల కాలేజీకి వెళ్ళడం. మనవాళ్ళు ఇలాంటివి ఇంటి పరువంటూ రాయనివ్వరు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న ఇళ్ళలో తండ్రి ఉద్యోగం పోయి, 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సి వచ్చిన రోజులు పిల్లలు కళ్ళారా చూస్తారు. కానీ అమ్మానాన్న ఏమనుకుంటారో అని బదులుగా కెమిస్ట్రీలో బీ వచ్చిందని రాస్తారు. చదివేవాళ్ళకి ఆ తేడా తెలిసిపోతుంది. తమ్ముడూ, మీరు చేసే పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తల్లిదండ్రుల చదువూ ఉద్యోగం ప్రైమరీ అప్లికేషన్‌లోనే అడుగుతారు, కాబట్టి అది వాళ్ళకి కొత్త విషయం కూడా కాదు. రాసుకోమ్మా, మాకు అభ్యంతరం లేదని మీ నోటితో చెప్పండి. తను అడగదు, మీరే చెప్పాలి.

అయితే కష్టాన్ని ఏకరువు పెట్టడం వ్యాసం కాదు. జరిగింది నాలుగు వాక్యాల్లో చెప్పి, తను ఏం చేసింది, ఎవరి సాయం అడిగింది, ఇప్పుడు ఎలా ఉంటుంది అన్నదానికి మిగతా చోటంతా ఇవ్వాలి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే ఏడుపు రాకుండా మాట్లాడగలిగినదే రాయమనండి. ఇంకా పచ్చిగా ఉన్న గాయమైతే వదిలేయడం మంచిది.

చిన్న ప్రశ్నలు ఇంకా ఉంటాయి. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఖాళీ వస్తే ఏం చేస్తావు అంటారు. అది దాచాల్సిన విషయమేం కాదు. ఇక్కడ మెడిసిన్‌లో చేరేవాళ్ళలో సగానికి పైగా కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవాళ్ళే. ఏం పని, ఎక్కడ, వారానికి ఎన్ని గంటలు అని రాస్తే చాలు. వేరే రాష్ట్రం కాలేజీలు మా రాష్ట్రంతో నీకేం సంబంధం అంటాయి. మేనమామ ఇల్లు అక్కడుండి సెలవులు అక్కడ గడిపివుంటే అది కూడా సంబంధమే. 'ఇంకా ఏమైనా చెప్పాలా' అనే డబ్బాలో కొత్త విషయం ఉంటేనే రాయాలి.

రాసిపెట్టేవాళ్ళ సంగతి. ఇవి నా సొంత రాతలు అని పిల్ల సంతకం పెడుతుంది. సలహా తీసుకోవడం, తప్పులు దిద్దించుకోవడం, దానికి ఏఐ వాడటం వరకు ఒప్పుకుంటారు కానీ చివరికి పంపేది తన రాతే అయివుండాలి. రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చుని ఆ వ్యాసం గురించే అడుగుతారు. ఎవరో అద్దిన ఇంగ్లీషుకీ తన మాటకీ పొంతన లేకపోతే అక్కడే అయిపోతుంది. గుంటూరులో ఇంటర్ చదివిన అమ్మాయి ఇంగ్లీషు సాదాగా ఉంటే ఏ నష్టమూ లేదు. తప్పులు లేకుండా, చిన్న వాక్యాల్లో ఉంటే చాలు. తన డిగ్రీ కాలేజీలో మెడిసిన్‌కి వెళ్ళేవాళ్ళకి సలహా చెప్పే ప్రీ-హెల్త్ అడ్వైజర్ ఉంటారు, రైటింగ్ సెంటర్ ఉంటుంది. రెండూ ఉచితమే.

ఇక్కడ ఒక మాట హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న పిల్లల తల్లిదండ్రులకు. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివినా మెడికల్ కాలేజీల లెక్కలో వాళ్ళు విదేశీ విద్యార్థులే. చాలా కాలేజీలు, ముఖ్యంగా ప్రభుత్వానివి, గ్రీన్‌కార్డు లేనివాళ్ళను తీసుకోవు. అయినా కొన్నిచోట్ల నుంచి సెకండరీ మెయిల్ వచ్చేస్తుంది, ఫీజు కట్టాక సంగతి బయటపడుతుంది. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్ళ ఎంఎస్‌ఏఆర్ అనే కాలేజీల వివరాల జాబితాలో ఒక్కో కాలేజీ విదేశీ విద్యార్థులను తీసుకుంటుందో లేదో ఉంటుంది. డబ్బు కట్టకముందే చూసుకోండి.

వ్యాసాలు పంపడంతో ఫైలు పూర్తికాదు. ఫీజు, సిఫారసు లేఖలు, కొన్ని కాలేజీలకు కాస్పర్ అనే పరీక్ష స్కోరు అన్నీ చేరాకే ఫైలు తెరుస్తారు. కాస్పర్ స్కోరు కాలేజీకి వెళ్ళడానికి వారాలు పడుతుంది కాబట్టి తేదీ ముందే తీసుకోవాలి. ప్రతి కాలేజీ పోర్టల్‌లో 'కంప్లీట్' అని కనబడేదాకా వారానికోసారి చూడమనండి. ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు, అది మామూలే. ఎండీ సీట్ల కబురు అక్టోబరు 15కి ముందు రాదు, ఇంటర్వ్యూలు ఫిబ్రవరి దాకా నడుస్తాయి. ఈలోగా మీరు అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేయకండి. అడగాల్సింది ఏదైనా ఉంటే అమ్మాయే మెయిల్ రాయాలి.

చివరిగా డబ్బు. ప్రైమరీకి మొదటి కాలేజీకి 175 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 45 దాటి పెట్టివుంటారు. 20 కాలేజీలైతే వెయ్యి దాటింది, సెకండరీలకు ఇంకో రెండు వేలు. ఏఏఎంసీకి ఫీజు సాయం పథకం ఒకటి ఉంది. కుటుంబం ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు నాలుగు రెట్ల లోపు ఉంటే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ వస్తుంది. ముందే పెట్టుకునివుంటే 20 కాలేజీల దాకా ప్రైమరీ ఫీజే ఉండేది కాదు. కట్టేసింది తిరిగి రాదు. కానీ ఆ సాయం మంజూరైన పిల్లల దగ్గర చాలా కాలేజీలు సెకండరీ ఫీజు తీసుకోవు. కాబట్టి ఇప్పుడు పెట్టినా ఉపయోగమే. ఈ వారాంతంలోనే మీ టాక్స్ కాగితాలు తీసి అమ్మాయి చేతికివ్వండి. ఫీజు ఇంకా కట్టని కాలేజీలకు, సాయం కోసం దరఖాస్తు పెట్టాను, ఫీజు మినహాయింపు ఇస్తారా అని రెండు వాక్యాల మెయిల్ రాయమనండి.