ఒక లాటు, మూడు తూకాలు: ఫంక్షన్ నుంచి అన్నీ ఒకేసారి ఎలా?

ప్రశ్న: నమస్కారమండీ. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. లాటు నంబరు ఇస్తే గుండు, బద్ద, ముక్క ఎన్నెన్ని కిలోలో మూడూ ఒకేసారి కావాలి. ఫంక్షన్ ఒక్క విలువే ఇస్తుందని కాలేజీలో చదువుకున్నాం, అందుకని మూడింటినీ కామాలతో ఒకే స్ట్రింగ్‌గా అతికించి పంపి, అవతల జావాలో విడగొడుతున్నాను. మొన్న ఒక లాటుకు ముక్క తూకం ఎక్కించలేదు, మిగతా రెండూ ఉన్నా స్ట్రింగ్ మొత్తం ఖాళీగా వచ్చింది. టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ ఖాళీ సంగతి. మీరు రెండు నిలువు గీతలతో (||) అతికిస్తున్నట్టున్నారు. ఆ పద్ధతిలో ఒక్క విలువ నల్ (అంటే ఏమీ ఎక్కించనిది) అయినా ఫలితం మొత్తం నల్, ఎస్‌క్యూఎల్ నియమమే అంత. విలువల మధ్య కామా పెట్టి అతికించే కన్‌క్యాట్ డబ్ల్యూఎస్ (concat_ws) వాడితే నల్‌ను వదిలేసి మిగతావి కలుపుతుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి వినకండి. బద్ద తూకం లేని రోజున ముక్క తూకం ముందుకు జరిగి బద్ద స్థానంలో కూర్చుంటుంది. దానికంటే ఖాళీ రావడమే నయం, కనీసం తప్పు కంటికి కనిపిస్తుంది.

అసలు స్ట్రింగే అక్కర్లేదండీ. పోస్ట్‌గ్రెస్ 8.1 నుంచి, అంటే 2005 నుంచే, ఫంక్షన్‌కు అవుట్ పారామీటర్లు, అంటే విలువలను బయటికి పంపే పేర్లు, పెట్టుకోవచ్చు. లాటు నంబరు ఇన్, గుండు, బద్ద, ముక్క మూడూ న్యూమరిక్ రకంలో అవుట్ అని రాస్తే చాలు, విడిగా రిటర్న్స్ అని రాయనవసరం లేదు. మూడు కాలమ్‌లున్న ఒక వరుస తిరిగి వస్తుంది, ముక్క నల్ అయితే అదొక్కటే నల్‌గా ఉంటుంది. ఒక నెలలో ఆడిన లాటులన్నీ ఒకేసారి కావాలంటే 2009లో 8.4తో వచ్చిన రిటర్న్స్ టేబుల్ వాడండి. పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్లు రాసే భాష పీఎల్ పీజీ ఎస్‌క్యూఎల్‌లో (PL/pgSQL) రాసేటప్పుడు ఒక చిక్కుంది: రిటర్న్స్ టేబుల్‌లో రాసిన పేర్లు లోపల వేరియబుల్స్ అయిపోతాయి, మీ అసలు టేబుల్‌లోనూ గుండు అనే కాలమ్ ఉంటే ఏ గుండు అని తేల్చుకోలేక ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి ప్రతి కాలమ్ ముందూ టేబుల్ పేరు పెట్టి రాయండి.

ఇప్పుడు పిలిచే పద్ధతి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సెలెక్ట్ పక్కన ఫంక్షన్ పేరు రాస్తే మూడూ బ్రాకెట్లలో ఒకే కాలమ్‌గా వస్తాయి. అది చూసి, పిలుపును బ్రాకెట్లలో పెట్టి చివర చుక్క, స్టార్ తగిలిస్తారు. కాలమ్‌లు విడివిడిగా వస్తాయి గానీ, ఒక్కో కాలమ్‌కు ఫంక్షన్ ఒక్కోసారి నడుస్తుంది. విజయనగరంలో ఓ గోదాము పనిలో నేను ఇలాగే రాశాను, ఫంక్షన్ లోపల రిజిస్టర్‌లో ఒక వరుస చేర్చే పని కూడా ఉంది, నాలుగు కాలమ్‌లు కాబట్టి ప్రతి లాటూ నాలుగేసి సార్లు నమోదైంది, ట్రిగ్గర్‌లో ఏదో తప్పుందనుకుని రెండు రోజులు అక్కడే వెతికాను. ఫ్రమ్ తర్వాత ఫంక్షన్‌ను టేబుల్‌లాగే రాయండి. లాటుల టేబుల్ పేరు రాసి, కామా పెట్టి, ఆ టేబుల్‌లోని లాటు నంబరుతోనే ఫంక్షన్‌ను పిలిస్తే 9.3 నుంచి లాటరల్‌గా, అంటే ముందున్న టేబుల్‌లోని ఒక్కో వరుస విలువ తీసుకుని, పనిచేస్తుంది, ఒక్కో లాటుకు ఒక్కసారే నడుస్తుంది.

రేపు నాలుగో విలువ కావాలంటే క్రియేట్ ఆర్ రీప్లేస్ ఒప్పుకోదు, రిటర్న్ టైప్ మార్చలేమంటుంది. పాతది డ్రాప్ చేసి కొత్తది సృష్టించాలి, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టండి. డ్రాప్‌తో పాత గ్రాంట్లు (ఫంక్షన్ వాడుకోవడానికి ఇచ్చిన అనుమతులు) పోతాయి, మళ్లీ ఇవ్వాలి.

మీరు కాలేజీలో చదివింది మైఎస్‌క్యూఎల్‌కు ఇప్పటికీ నిజమే. అక్కడ ఫంక్షన్ ఇచ్చేది ఒక్క విలువే, అవుట్ పారామీటర్లు ప్రొసీజర్లకే ఉంటాయి, వాటిని కాల్‌తో పిలవాలి.

ఇంకొక్క మాట. మీ రిపోర్టు అందంగా కనబడాలని కోయలెస్ (COALESCE) ఫంక్షన్‌తో నల్‌ను సున్నా చేసే ముందు, ఆ లాటుకు ముక్క అసలు రాలేదా, వచ్చినా తూకం వేయలేదా అని కాటా దగ్గర ఉండేవాళ్లను అడిగి తెలుసుకోండి.