నలుగురిలో నోరు విప్పడానికి బయల్దేరిన మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి మాటల మధ్యలో చెప్పింది, ఆదివారం సాయంత్రాలు మీ ఆఫీసు వాళ్ళూ వాళ్ళ స్నేహితులూ కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటికి నువ్వు కూడా వెళ్తున్నావని, నలుగురిలో మాట్లాడే భయం పోగొట్టుకోవడానికే వెళ్తున్నానని నీ నోటితో నువ్వే అన్నావని. "ఇది మన బుజ్జేనా వదినా" అంది. నాకు సంతోషమూ కంగారూ కలిసి వచ్చి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊ", "సరే అత్తయ్యా" తప్ప ఇంకో మాట అనవు, నేనేమో ఆపను. అందుకే రాస్తున్నా. పొడుగ్గా ఉందని పక్కన పెట్టేస్తే ఊరుకోను.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తా. ఖాళీ కడుపుతో వెళ్ళకు. అందరూ వచ్చి గుండ్రంగా కూర్చున్నాక అడుగుపెట్టడం కష్టం, ఓ పది నిమిషాలు ముందే వెళ్ళు, ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు మాట కలపడం తేలిక. ఫోన్ బ్యాగులో పడేయ్. ఎవరైనా వీడియో తీస్తామంటే మొహమాటం లేకుండా వద్దను. ఎనిమిదిన్నరకల్లా హాస్టల్లో ఉండాలి. నవ్వకు, ఆదివారం రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ఆటో కోసం ఒక్కదానివే నిలబడి ఉంటావన్న ఆలోచనే నాకు గుండె దడ. వాళ్ళలో మీ హాస్టల్ వైపు వచ్చే అమ్మాయి ఎవరో మొదటి రోజే కనుక్కో. ఆ కనుక్కోవడం కూడా మాట్లాడటమే కదా.

నీకు మాటలు రావని నేను ఒప్పుకోను. వేసవి సెలవుల్లో అరండల్‌పేటలో మా డాబా మీద పడుకుని, చూసొచ్చిన సినిమా మొత్తం టైటిళ్ళ దగ్గర్నుంచి చెప్పేదానివి, విలన్ గొంతు ఒకటి, హీరోయిన్ గొంతు ఒకటి. మీ బావకి నిద్ర ముంచుకొస్తున్నా వదిలేదానివి కాదు. తెల్లారి ఎవరైనా ఇంటికొస్తే మాత్రం తలుపు చాటున. "ఎంత బుద్ధిమంతురాలో, నోట్లో నాలుక లేదు" అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఆడపిల్ల భయపడుతుంటే దాన్ని బుద్ధి అని మెచ్చుకోవడమేంటి చెప్పు.

నా సంగతి విను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన కొత్తలో హెడ్‌సెట్ తగిలించుకుని బోర్డు ముందు కూర్చుంటే మద్రాసైనా బొంబాయైనా నాకు లెక్క ఉండేది కాదు. మిర్చి సీజన్లో యార్డు వ్యాపారులు లైట్నింగ్ కాల్ బుక్ చేసేవాళ్ళు, అంటే అన్నిటికన్నా ముందు కలపాల్సిన కాల్, మామూలు కాల్‌కి ఎనిమిది రెట్లు ఛార్జీ, ఒక్క నిమిషం ఆలస్యమైతే తిట్లు. తొణక్కుండా సమాధానం చెప్పేదాన్ని. అదే మనిషిని పేరంటానికి వెళ్తే, "ఒక పాట అందుకోమ్మా" అని ఎవరైనా అనేసరికి చెమటలు పట్టేవి. ఫోన్‌కి కళ్ళుండవు మరి.

నా భయం వదిలింది కార్తీక మాసం వనభోజనాల్లో. మా స్టాఫ్ అంతా కొండవీడు వైపు ఒక తోటకి వెళ్ళాం. భోజనాలయ్యాక తంబోలా మొదలైంది, నంబర్లు చదివే ఆయనకి గొంతు పట్టేసింది. మా సూపర్‌వైజరమ్మ ఆ నంబర్ల సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అంతమంది ముందు నిలబడాలంటే కాళ్ళు వణికాయి కానీ, నంబర్ చదవగానే అందరూ గబుక్కున తలలు దించుకుని టికెట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నన్ను చూసే తీరిక ఒక్కరికీ లేదు! "ఏడూ మూడూ, డెబ్బై మూడు" అని డ్యూటీ గొంతుతోనే చదివాను. ఆట సగమయ్యేసరికి మధ్యమధ్యలో జోకులు కూడా వేస్తున్నాను. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా ముందు ఏదో ఒక పని పుచ్చుకునేదాన్ని, టీలు అందించడమో, కొత్తగా వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడమో. చేతిలో పని ఉంటే దాని గురించి ఎలాగూ రెండు మాటలు అనాలి, ఆ రెండు మాటలతో గొంతు తెరుచుకుంటుంది. నువ్వూ అలాంటిదే ఒకటి చూసుకో. పదిమంది దృష్టీ నీ మీద పడే అవసరం లేని పని అయితే మరీ మంచిది.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు, చెప్పానని తెలిస్తే నాతో నాలుగు రోజులు మాట్లాడడు కూడా. అయినా చెబుతా, ఎందుకంటే నువ్వు అచ్చం వాడి కూతురివి.

డిగ్రీ చదివేటప్పుడు మీ నాన్నకి బ్రాడీపేటలో ఒక జట్టు ఉండేది. ఆదివారం ఒకరి గదిలో చేరేవాళ్ళు, టీలు, మిర్చి బజ్జీలు, ఒక్కో వారం ఒకరు ఏదో ఒక విషయం చెప్పాలి. గొప్ప సభేం కాదు, చాప మీద కూర్చుని మాట్లాడుకోవడమే. మీ నాన్న వారాల తరబడి మూల కూర్చుని విని వచ్చేవాడు. చివరికి వాడి వంతు రానే వచ్చింది. సాగర్ కుడి కాలువ నీళ్ళొచ్చాక మన ఊరి పొలాలు ఎలా మారాయో చెబుతానన్నాడు. బంగారం లాంటి విషయం, పైగా వాడు పుట్టి పెరిగిన ముచ్చట, ఇంట్లో అయితే అన్నం తింటూ గంటసేపు చెప్పగలడు. కానీ ఏం చేశాడంటే, రెండు పేజీలు రాసుకున్నాడు, అదీ పుస్తకాల భాషలో, "తదనంతరం సాగునీటి లభ్యత పెరుగుటచే" అంటూ. అది బట్టీ పట్టాడు. పెరట్లో బావి చుట్టూ తిరుగుతూ అప్పజెప్పుకునేవాడు, మా అమ్మ పిలిచినా పలికేవాడు కాదు.

ఆదివారం వెళ్ళాడు. మొదటి పేజీ సగం వరకు గడగడా వచ్చిందట. అప్పుడు ఒక స్నేహితుడు మధ్యలో అడిగాడు, "అంతకు ముందు మీ పొలంలో ఏం వేసేవాళ్ళురా?" అని. అంతే. జొన్న, సజ్జ, ఆముదం అని మన ఊళ్ళో పసిపిల్లాడైనా చెబుతాడు. వీడికి ఆ రాసుకున్న వాక్యం తెగిపోయింది, తర్వాతి వాక్యం అందలేదు, అడిగినదానికి జవాబూ రాలేదు. చెవులు వేడెక్కాయి, నోరు ఎండిపోయింది. "నీళ్ళు తాగొస్తా" అని లేచి, మెట్లు దిగి, సైకిలెక్కి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పై ఆదివారం వాళ్ళు మనింటికొస్తే లోపల గదిలో ఉండి లేడని చెప్పించాడు, ఆ పైవారమూ అంతే, ఇక వాళ్ళూ రావడం మానేశారు.

బట్టీ పట్టడం తప్పే, కానీ అది చిన్న తప్పు. ఆ లేచి వచ్చేయడం ఉంది చూడు, నా బాధంతా దాని గురించే. భయం పైకి లేచినప్పుడు గుండె కొట్టుకోవడం, చేతులు చల్లబడటం ఒక్కసారిగా కమ్ముకొస్తాయి, కాసేపు ఆ కుర్చీలోనే ఉంటే నీ ప్రమేయం లేకుండా అవే తగ్గుతాయి. ఎక్కువసేపు అదే జోరులో ఉండటం ఒంటి వల్ల కాదు. కానీ సరిగ్గా అది శిఖరాన ఉన్నప్పుడు పారిపోయావనుకో, బయటికి రాగానే ప్రాణం హాయిగా ఉంటుంది, పారిపోబట్టే బతికానని మనసు గట్టిగా రాసిపెట్టుకుంటుంది. మరుసటిసారి ఇంకా తొందరగా లేవమంటుంది. మీ నాన్న విషయంలో అదే జరిగింది. మీటింగుల్లో మాట్లాడాలని తెలిసి ప్రమోషన్ వద్దన్నాడు. నీ స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడి వెళ్ళిపోయేవాడు, గుర్తుందా? నువ్వు అది గర్వం అనుకున్నావు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆ ప్రశ్న వేసిన అబ్బాయి కనిపించాడు నాకు, అప్పటికి బట్టతల. కదిపి చూస్తే ఆయనకి గుర్తున్నది ఇంతే: "వాడికి కడుపు చెడిందనుకున్నామండీ, బజ్జీలు కూడా దాచిపెట్టాం వాడికోసం." ఆ కాలువ కథ బాగా చెబుతున్నాడనీ, పూర్తిగా వినాలనే అడిగాననీ అన్నాడు. ఇంటికొచ్చి మీ నాన్నతో చెబితే నమ్మలేదు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నా, తలుపు పక్కన కూర్చోకు. మాట తడబడితే తడబడనీ, అక్కడే కూర్చుని టీ తాగి, అందరితో పాటే లేచి రా. ఒక్క మాట అనకపోయినా సరే, మధ్యలో మాత్రం రావద్దు. తర్వాతి వారం తప్పకుండా వెళ్ళు, తడబడిన వారం తర్వాతిదైతే మరీ తప్పకుండా.

ఇంకోటి, చెప్పబోయే వాక్యాన్ని లోపల కుట్టుకుంటూ కూర్చుంటావు నువ్వు, నాకు తెలుసు. అది తయారయ్యేసరికి వాళ్ళు సినిమా వదిలి క్రికెట్‌లోకి వెళ్ళిపోతారు, నీ మాట నీ దగ్గరే ఉండిపోతుంది. వాక్యం మానేసి చెవులు పెట్టు. వింటే అడగాలనిపిస్తుంది, "తర్వాతేమైంది?", "మరి మీ ఇంట్లో ఏమన్నారు?" అంతే చాలు మొదట్లో. ఏదో ఒక చిన్న మాట మాత్రం వెళ్ళిన కాసేపట్లోనే అనెయ్, ఆలస్యమైనకొద్దీ ఆ మొదటి మాట బరువెక్కుతుంది. అనేది చివరి అక్షరం దాకా అను. నువ్వు సగం మాట మింగేస్తావు, ఆపరేటర్ చెవి నాది, ఫోన్లో వింటూనే ఉన్నాగా.

"ఏంటి, ఇంత సైలెంటుగా ఉన్నారు?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. వాళ్ళకి దురుద్దేశం ఉండదు కానీ అంతకన్నా దిక్కుమాలిన ప్రశ్న లేదు, అందరూ ఒక్కసారి నీ వైపు తిరుగుతారు. "వింటున్నానండీ, మీరు చెప్పేది బాగుంది" అని నవ్వేసెయ్. ఇది ఒక్కటి మాత్రం ముందే తయారుగా పెట్టుకో, బట్టీకి నా అనుమతి దీనికే.

మీ అమ్మ ఏదో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు గురించి కూడా అంటోంది. వేలకు వేలు పోసి ఇప్పుడేం వద్దు. టోస్ట్‌మాస్టర్స్ అని నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బు ఉందని మీ బావ చెప్పాడు, 1924లో అమెరికాలో మొదలైందట, అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడిస్తారట. మంచిదే, కానీ అది తర్వాత. గాంధీ గారినే చూడు, లండన్లో శాకాహార సంఘం కమిటీలో ఉండి కూడా నోరు విప్పేవారు కాదు, బొంబాయి కోర్టులో మొదటి కేసుకి లేచి నిలబడి తల తిరిగి కూర్చుండిపోయి 30 రూపాయల ఫీజు వెనక్కిచ్చేశారు. ఆయన గొంతు పెగిలింది దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియా ఊళ్ళో, ఒక వ్యాపారి ఇంట్లో మనవాళ్ళంతా చేరిన కూటంలో. తర్వాత కూడా అలా తరచూ కలుస్తూనే ఉన్నారు. ఆయనే 1921లో మీ బెజవాడకి కాంగ్రెస్ సమావేశాలకొచ్చారు. నిన్ను గాంధీ గారిలా అవ్వమనట్లేదులే. ఆయనకీ ఇంట్లో కూటమే పనికొచ్చింది, అది చూడు.

శనివారం మీ బావ బెజవాడ వస్తున్నాడు, రెండు డబ్బాల జంతికలు పంపిస్తున్నా. ఒకటి హాస్టల్‌కి, పెద్దది ఆదివారం అక్కడికి పట్టుకెళ్ళు, నువ్వే అందరికీ పంచు. ఎవరు చేశారని అడుగుతారు, ఎలా చేశారని కూడా అడుగుతారు. వాము వెయ్యలేదు, నువ్వులు వేశాను, పిండిలో కాస్త వెన్న కలిపాను. కారం మన గుంటూరుదే, కానీ తగ్గించాను, భయపడొద్దని చెప్పు.

మీ అత్తయ్య