శ్రోతల ప్రశ్నలు: అట్ట మీది పేర్లు

ప్రశ్న: నేను కావలిలో ఒక చిన్న ఉద్యోగం చేసుకుంటూ, శనివారాల్లో మా వీధి భజన బృందంలో హార్మోనియం వాయిస్తాను. బెంగళూరులో చదువుకుంటున్న మా తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు కొంత జాజ్, కొంత ఎలక్ట్రానిక్ సంగీతం వినిపించాడు. చాలా నచ్చింది. కాని యాప్‌లో వెతికితే తిప్పి తిప్పి ఆ నాలుగు పాటలే వస్తున్నాయి. పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా సంగీతం చేసుకునేవారిని ఎలా కనుక్కోవాలి?

జవాబు: యాప్ మీరు నిన్న విన్నదాన్ని బట్టి, మీవంటి అభిరుచి ఉన్న ఇతరులు విన్నదాన్ని బట్టి తర్వాతి పాటను ఎంచుతుంది. అందువల్ల ఇప్పటికే చాలామంది విన్నదే మళ్లీ పైకి తేలుతుంది. ఎవరో తమ గదిలో రికార్డు చేసి కొద్దిమందికి చేర్చిన ఆల్బమ్ అడుగునే ఉండిపోతుంది. దీనికి మందు మనకు పాతరోజుల నుంచీ తెలిసినదే. నెల్లూరు ట్రంకు రోడ్డులో క్యాసెట్లు కొనుక్కున్న కాలంలో, ఇంటికి చేరేలోపే అట్టలోని కాగితం మడత విప్పి వయొలిన్ ఎవరిది, మృదంగం ఎవరిది అని చదివేవాళ్లం. ఆ మృదంగం మనసుకు పడితే, అదే విద్వాంసుడు పక్కవాద్యం వాయించిన మరో కచేరీ కోసం మళ్లీ కొట్టుకు వెళ్లేవాళ్లం. జాజ్‌కూ ఎలక్ట్రానిక్ సంగీతానికీ ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

మీరు భజన బృందంలోవారు కాబట్టి ఒక దారి చూపిస్తాను. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద' అనే ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. అందులో హార్ప్ అనే పెద్ద తీగల వాయిద్యాన్ని వాయించినవారు అమెరికా జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్‌ట్రేన్. వెనుక తంబూరా మోగుతూ ఉంటుంది కనుక మన చెవికి శ్రుతి వెంటనే అందుతుంది. ఆ తర్వాత ఆమె కాలిఫోర్నియాలో ఆశ్రమం స్థాపించి, ఆర్గన్ మీదా, సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీదా భజనలు వాయిస్తూ పాడి, వాటిని క్యాసెట్లుగా వేసుకున్నారు. అవి ముఖ్యంగా ఆశ్రమానికి వచ్చిపోయేవారికే చేరాయి. 2017లో న్యూయార్క్‌లోని లువాకా బాప్ అనే చిన్న లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థ, వాటిలో కొన్నింటిని ఏరి మళ్లీ విడుదల చేసింది. హార్మోనియం మీద వేళ్లు ఆడించే మీకు ఆ భజనలు పరాయివిగా తోచవని నా నమ్మకం.

ఇక్కడి నుంచి పేర్లు పట్టుకొని వెళ్లండి. ఆలిస్ చెల్లెలి మనవడే ఫ్లయింగ్ లోటస్ అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడు. ఆయన 2008లో లాస్ ఏంజెలస్‌లో బ్రెయిన్‌ఫీడర్ అనే లేబుల్ పెట్టారు. ఆ లేబుల్ 2015లో కమాసీ వాషింగ్టన్ అనే శాక్సోఫోన్ కళాకారుడిది దాదాపు మూడు గంటల జాజ్ ఆల్బమ్ తెచ్చింది. అందులో బాస్ గిటార్ వాయించిన థండర్‌క్యాట్‌కు అదే లేబుల్ మీద సొంత ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒక్క కుటుంబం, ఒక్క లేబుల్ పట్టుకుంటే జాజ్ నుంచి భజనకు, భజన నుంచి ఎలక్ట్రానిక్ సంగీతానికి వచ్చేశాం చూడండి.

ఈ వెతుకులాటకు నేను ఎక్కువగా వాడేది సంగీతకారులు తమ సంగీతాన్ని నేరుగా శ్రోతలకు అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్. అక్కడ ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవారి బొమ్మలు కనిపిస్తాయి; ఒకరి బొమ్మ నొక్కితే వారు కొన్న మిగతా సంగీతమంతా తెరుచుకుంటుంది. మీకు నచ్చిన అరుదైన ఆల్బమ్‌ను డబ్బు పెట్టి కొన్న మనిషి ఇంకేమి కొన్నారో చూడటం కంటే నమ్మదగిన సిఫారసు ఉండదు. చాలా ఆల్బమ్‌లను కొనేముందు వినవచ్చు. డిజిటల్ అమ్మకాల్లో బ్యాండ్‌క్యాంప్‌వారు సాధారణంగా తీసుకునే వాటా 15 శాతం. 2020లో మొదలైన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' అనే కొన్ని ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటానూ వదులుకుంటారు. నచ్చినదాన్ని నెలకు ఒక్కటైనా కొనండి, కొన్నదాన్ని పదిసార్లు వినండి. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్ అనే ఇంటర్నెట్ రేడియో కూడా మీకు పనికివస్తుంది. మనుషులే ఎంచి వినిపించే కార్యక్రమాలవి, పాత ప్రసారాలు కూడా దొరుకుతాయి.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి హౌస్, టెక్నో అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం వింటూ హెడ్‌ఫోన్లు తీయడు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న నాకు ఒకటే దరువు తప్ప మరేమీ వినపడటం లేదు. అందులో వినవలసినది ఏమిటి? - ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఆ దరువు మారకుండా ఉండటానికి కారణం ఉంది. హౌస్ సంగీతం 1980లలో షికాగో క్లబ్బుల్లో పుట్టింది. ఒక రికార్డు ముగియకముందే రెండోదాన్ని దానిలో కలిపి, ఆడేవారి అడుగు తప్పకుండా చూడటం అక్కడ డీజే పని. నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు సమంగా పడితేనే ఆ కలయిక కుదురుతుంది. కోలాటంలో కర్రల చప్పుడును ఎవరూ పాట అనుకోరు కదా! అలాగే ఆ దెబ్బను తాళంగా వదిలేసి, ఎనిమిది, పదహారు ఆవర్తనాలకు ఒకసారి ఏ ధ్వని వచ్చి చేరింది, ఏది తప్పుకున్నది అన్నది గమనించండి. మార్పంతా అక్కడే జరుగుతుంది.

మీ ఇద్దరికీ సరిపడే ఆల్బమ్ ఒకటి మన దేశంలోనే ఉంది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద సింథసైజర్‌తో వాయించారు. అందులో భూపాలి మీకు మోహనంగా, మాల్కౌన్స్ హిందోళంగా వినిపిస్తాయి. ఆయన వాడిన రోలాండ్ టీబీ-303 అనే, కింది స్థాయి స్వరాలు పలికించే యంత్రంలో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే వీలుంది. అదే యంత్రంతో షికాగో కుర్రవాళ్లు కొన్నేళ్ల తర్వాత యాసిడ్ హౌస్ అనే శైలిని తెచ్చారు. ఆనాడు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ ఆల్బమ్ 2010లో మళ్లీ విడుదలై దేశదేశాల శ్రోతలకు చేరింది. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని హిందోళంతోనే మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. కింది స్థాయి స్వరాలు అందులో పలకవు, ఆ యంత్రం పలికించేది వాటినే.